కుకీల డబ్బా మూస్తే సరిపోతదా?

ఎడిటర్ గారికి నమస్తే,

మా మిర్యాలగూడ నెట్ సెంటర్లల్ల యూకే, ఐర్లాండ్ కాలేజీలకు అప్లై చేసే పోరగాండ్లను చూడుండ్రి, కుకీల (మనం ఏం చూసినమో గుర్తువెట్టుకునే చిన్న ఫైళ్ల) పర్మిషన్ అడిగే డబ్బా తెర మీదికి రాంగనే చదవకుండనే యాక్సెప్ట్ కొడ్తరు, చాలా సైట్లల్ల ఆ బటనే రంగుల మెరుస్తది, రిజెక్ట్ అనేది లోపల యాడనో దాగుంటది మరి. యూరప్‌ల 2018ల జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం వచ్చినంక ఈ లొల్లి ఇంకా పెరిగింది. ఇప్పుడు బ్రేవ్ బ్రౌజర్ వీటిని కనపడనియ్యదు, యాడ్లను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్‌ల (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాంల) గూడ ఈ డబ్బాలను దాసే లిస్టులున్నయ్, పానం హాయిగుంటది. గని అన్ని టూల్సూ ఒక్క తీరు కాదు, కన్సెంట్-ఓ-మ్యాటిక్ మనం ముందుగాల పెట్టుకున్నట్టు వద్దని నొక్కుతది, ఐ డోంట్ కేర్ అబౌట్ కుకీస్ అనేది ఎక్కువసార్లు డబ్బాను దాస్తది, సైట్ నడవాల్నంటే మాత్రం మన తరఫున సరే అనేస్తది! కుకీల పట్టింపు నాకు లేదని ఆ టూల్ పేరులనే చెప్పిండ్రు గదా, మనమే చూస్కోలే. డబ్బా కనపడకపోతే ట్రాకింగ్ గూడ ఆగిందనుకొని జనం సెట్టింగ్స్ మొహం చూస్తలేరు. మన 2023 డేటా చట్టమేమో సమ్మతి స్వేచ్ఛగ, తెలిసి ఇయ్యాలంటది, మరి ఎక్స్‌టెన్షన్ నొక్కిన సరే ఎవరి సమ్మతి? దీని మీద మీ టెక్ పేజీల వివరంగ రాయుండ్రి, థర్డ్ పార్టీ కుకీలు (మనం చూసే సైటు గాక వేరేటోళ్లు పెట్టేటియి) బ్రౌజర్‌ల ఎట్ల బంద్ చెయ్యాల్నో బొమ్మలతోని ఏస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక పాఠకుడు, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా