వికెట్ల పక్కన ఓవర్లు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

నేను అనంతపురంలో పాతికేళ్లుగా లీగ్ మ్యాచ్‌లకు స్కోరు రాస్తున్నాను. వారమంతా ఎరువుల దుకాణంలో లెక్కలు, శని ఆదివారాలు మైదానంలో స్కోరు పుస్తకం. టెస్టు మ్యాచ్ ఏ దేశంలో జరిగినా టీవీ ముందు కూర్చుని బంతి బంతికీ రాసుకోవడం నాకు అలవాటు. ఒక్కో బౌలర్‌కి ఒక్కో రంగు పెన్ను. బుమ్రాకి ఎరుపు, సిరాజ్‌కి ఆకుపచ్చ.

మీ క్రీడా పేజీలో రెండు రకాల వార్తలు తరచూ చూస్తున్నాను. ఫలానా పేసర్‌కు (ఫాస్ట్ బౌలర్‌కు) వెన్నునొప్పి అని ఒక మూల, మొదట బ్యాటింగ్‌కి దిగే ఓపెనర్లు మళ్లీ విఫలం అని ఇంకో మూల. ఆ రెండింటికీ సంబంధమే లేనట్టు రాస్తారు. నా పుస్తకంలో అవి పక్కపక్క పేజీలు. బ్యాటింగ్ పేజీ మధ్యాహ్నానికే నిండిపోతే, పొద్దున బౌలింగ్ చేసినవాడి పేరు సాయంత్రం మళ్లీ రాయాల్సి వస్తుంది. వాడికి స్నానం చేసి కాళ్లు చాపుకునే టైం కూడా ఉండదు.

2024-25లో ఆస్ట్రేలియాలో జరిగిన సిరీస్‌నే తీసుకోండి. పెర్త్‌లో బుమ్రా తొలి ఇన్నింగ్స్‌లో 18 ఓవర్లు వేసి 30 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు. ఆ తర్వాత జైస్వాల్, రాహుల్ కలిసి తొలి వికెట్‌కి 201 పరుగులు చేశారు. రెండో రోజు మధ్యాహ్నం నుంచి మూడో రోజు సాయంత్రం వరకు నా ఎరుపు పెన్నుకు పనే లేదు. మూడో రోజు చివర్లో మళ్లీ బంతి అందుకున్న బుమ్రా మొదటి ఓవర్లోనే ఆస్ట్రేలియా ఓపెనర్ మెక్‌స్వీనీని ఔట్ చేశాడు. అలసట తీరిన మనిషి బౌలింగ్ ఎలా ఉంటుందో ఆ ఓవర్లో కనిపించింది.

అడిలైడ్‌కి వచ్చేసరికి అంతా తలకిందులైంది. మ్యాచ్ తొలి బంతికే స్టార్క్ జైస్వాల్‌ను ఎల్బీగా ఔట్ చేశాడు. మనవాళ్లు 44.1 ఓవర్లలో 180కి ఆలౌట్. అదే రోజు సాయంత్రం దీపాల వెలుగులో బుమ్రా మళ్లీ రనప్ మొదలుపెట్టాడు. ఆ ఇన్నింగ్స్‌లో 23 ఓవర్లు వేశాడు. బ్రిస్బేన్‌లో తొలి ఇన్నింగ్స్‌కి 28. మెల్‌బోర్న్‌లో రెండు ఇన్నింగ్స్ కలిపి 53.2. రోహిత్ శర్మ ఆ సిరీస్‌లో ఐదు ఇన్నింగ్స్‌లో కలిపి చేసింది 31 పరుగులు. ఆరో స్థానం నుంచి ఓపెనింగ్‌కి మారినా కలిసిరాలేదు. మెల్‌బోర్న్ ముగిసిన నాలుగో రోజున సిడ్నీ టెస్టు మొదలైంది. అక్కడ రెండో రోజు, పది ఓవర్లు వేశాక వెన్నునొప్పితో బుమ్రా మైదానం వదిలి స్కానింగ్‌కి వెళ్లాడు. మళ్లీ బంతి పట్టుకోలేదు. మొత్తం సిరీస్‌లో 151.2 ఓవర్లు, 32 వికెట్లు. ఆఖరి ఇన్నింగ్స్‌లో ఆస్ట్రేలియా 162 కొట్టి గెలుస్తుంటే నేను ఎరుపు పెన్నుకు మూత పెట్టి పక్కన పెట్టేశాను. ఆ తర్వాత ఛాంపియన్స్ ట్రోఫీకీ అతను లేడు.

ఆ వెన్నునొప్పికి ఓపెనర్లే కారణమని నేను అనను. అదే నడుముకు 2019లో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే భారం పడి ఎముకకు వచ్చే సన్న బీట) వచ్చింది. 2022లో మళ్లీ తిరగబెడితే 2023లో న్యూజిలాండ్‌లో ఆపరేషన్ చేయించుకున్నాడు. కానీ అలాంటి నడుమున్న మనిషికి విశ్రాంతి ఎవరివ్వాలి? కెప్టెన్ ఒక స్పెల్‌కీ (ఒక విడతలో వేసే ఓవర్లకీ) ఇంకో స్పెల్‌కీ మధ్య గంట ఇవ్వగలడు. రోజంతా ఇవ్వగలిగేది బ్యాటర్లే. అందులోనూ కొత్త బంతి ఎదుర్కొనే ఇద్దరు.

ఇదే మెల్‌బోర్న్‌లో 2018 బాక్సింగ్ డే టెస్టు గుర్తుందా? కాకినాడలో పుట్టిన హనుమ విహారి అసలు ఓపెనరే కాదు. జట్టు అడిగితే వెళ్లాడు. 66 బంతులు ఆడి 8 పరుగులు చేశాడు. టీవీలో ఎవరో నిట్టూర్చారు, మా ఇంట్లో మా తమ్ముడైతే ఛానెల్ మార్చమన్నాడు. నేను మాత్రం పరుగు రాని ప్రతి బంతికీ చుక్క మీద చుక్క పెట్టుకుంటూ పోయాను. అతనూ మయాంక్ అగర్వాల్ కలిసి దాదాపు 19 ఓవర్లు నిలబడి బంతి మెరుపు పోగొట్టారు. తర్వాత పుజారా సెంచరీ చేశాడు. రెండో రోజు సాయంత్రం దాకా మనవాళ్లే ఆడి 443 దగ్గర డిక్లేర్ చేశారు. మూడో రోజు బుమ్రా 33 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. స్కోరు కార్డులో బుమ్రా 6 అని ఉంటుంది, విహారి 8 అని ఉంటుంది. ఆ 8కి ఈ 6లో వాటా ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ఇంకో సంగతి, వదిలేసిన బంతికి స్కోరు పుస్తకంలో విడిగా గుర్తంటూ లేదు. ఆడబోయి బ్యాటుకు తగలక బీటైనా చుక్కే, తెలిసి వదిలేసినా చుక్కే. ఓపెనర్ చేసే అసలు పని రాసుకోవడానికి మాకు గడే లేదు.

ఓపెనర్లు కుదరక, పేసర్లు గాయపడే ఈ ఇబ్బంది మనకొక్కరికే కాదు. 2024 జనవరిలో ఓపెనర్ వార్నర్ టెస్టుల నుంచి రిటైరయ్యాక ఆస్ట్రేలియా ఆ స్థానంలో స్మిత్‌ని పంపింది, మెక్‌స్వీనీని పంపింది, 19 ఏళ్ల కాన్‌స్టాస్‌ని పంపింది, లబుషేన్‌ని, వెదరాల్డ్‌ని కూడా చూసింది. 2025 యాషెస్ మొదలయ్యేసరికి వెన్ను గాయంతో వాళ్ల పేసర్ కమిన్స్ పెర్త్‌లో ఆడలేదు, తొడ కండరం పట్టేసి హేజిల్‌వుడ్ కూడా లేడు.

ఇప్పుడు మా ఊరి విషయం. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఇక్కడ ఆర్డీటీ మైదానంలో జరిగినప్పుడు వెళ్లి దగ్గరగా చూశాను. ఫాస్ట్ బౌలర్ ముందుకాలు నేలకి తాకిన చప్పుడు బౌండరీ దాకా వినిపించింది. ఒంటి బరువుకి ఎన్నో రెట్ల భారం ఆ ఒక్క మడమ మీద పడి నడుముకి ఎక్కుతుంది. అదే క్షణంలో నడుము పక్కకి వంగి మెలి తిరుగుతుంది. కుడిచేతి బౌలర్లకు ఎక్కువగా ఎడమవైపు ఎముకే బీట వేస్తుంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు దాటేదాకా ఆ ఎముక పూర్తిగా గట్టిపడదట. ఉన్నట్టుండి ఓవర్లు పెరగడం మరీ ప్రమాదం. 2025లో ఐపీఎల్ ఫైనల్ జూన్ 3న అయింది, ఇంగ్లండ్‌తో సిరీస్‌లో మొదటిదైన లీడ్స్ టెస్టు జూన్ 20న మొదలైంది. ఐపీఎల్‌లో మ్యాచ్‌కి నాలుగు ఓవర్లకు అలవాటుపడిన ఒంటిని పదిహేడు రోజుల్లో రోజుకి ఇరవై ఓవర్లకు సిద్ధం చేయాలి. ఆ సిరీస్‌లో బుమ్రా మూడు టెస్టులే ఆడాడని తిట్టినవాళ్లను చూసి నాకు బాధేసింది. ఐదూ ఆడి 185.3 ఓవర్లు వేసిన మన హైదరాబాద్ సిరాజ్‌ని చూసి, ఓవల్‌లో ఆఖరి వికెట్ పడ్డప్పుడు మా వీధంతా వినిపించేలా అరిచాను. కానీ అందరూ అంత వేయాలని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను.

నన్ను ఈ ఉత్తరం రాయించింది ఒక కుర్రాడు. పేరు రాయను. పదిహేడేళ్లు, వేరుశనగ రైతు కొడుకు, మొదటి బస్సుకి వచ్చేవాడు. మంచి పొడగరి. పోయిన సీజన్లో ఒక శనివారం 19 ఓవర్లు వేశాడు. మర్నాడు వాళ్ల ఓపెనర్లిద్దరూ మూడో ఓవర్‌లోపే సిక్సర్లకు పోయి క్యాచ్‌లిచ్చారు. జట్టు 26 ఓవర్లకే ఆలౌట్. భోజనం చేసీ చేయకముందే వాడికి మళ్లీ కొత్త బంతి ఇచ్చారు, ఇంకో 14 ఓవర్లు. సోమవారం వేరే టోర్నమెంటు, రెండు మ్యాచ్‌లు, 8 ఓవర్లు. మూడు రోజుల్లో 41. ఆదివారం సాయంత్రానికే వాడి నో బాల్స్ పెరిగాయి. అంతకుముందు నెలంతా కలిపి రెండు వేసినవాడు ఒక్క స్పెల్‌లో ఐదు వేశాడు. రనప్‌కి వెనక్కి నడుస్తూ ఎడమచేత్తో నడుం పట్టుకుంటున్నాడు. నేను చూశాను. నో బాల్ గుర్తులు రాసుకుంటూ కూర్చున్నాను తప్ప లేచి వెళ్లి వాళ్ల కోచ్‌కి చెప్పలేదు. స్కోరర్ మాట ఎవరు వింటారనుకున్నాను. ఇప్పటికీ ఆ పేజీ తెరిస్తే మనసు కలుక్కుమంటుంది.

వారం తర్వాత వాళ్ల నాన్న బెంగళూరు తీసుకెళ్లి ఎంఆర్ఐ తీయించాడు. స్ట్రెస్ ఫ్రాక్చర్. ఆరు నెలలు బంతి ముట్టుకోవద్దన్నారు. బెల్టు పెట్టుకుని ఆదివారాలు వచ్చి నా పక్కనే కూర్చుంటున్నాడు. బౌలర్ల ఓవర్లు వాడే కూడి చెబుతాడు.

అయ్యా, నా కోరిక చిన్నది. మీ జిల్లా పేజీలో అండర్-16, అండర్-19 మ్యాచ్‌ల వార్తల్లో "ఐదు వికెట్లతో సత్తా" అని రాస్తారు. ఆ పక్కన ఎన్ని ఓవర్లు వేశాడో, ఆ వారంలో మొత్తం ఎన్ని వేశాడో కూడా వేయండి. ఓపెనర్ పరుగుల పక్కన ఎన్ని బంతులు ఆడాడో వేయండి. 60 బంతులాడి 12 కొట్టిన కుర్రాడి పేరు కూడా పేపర్లో రావాలి. వాళ్ల అమ్మానాన్నలు, కోచ్‌లు చదివేది మీ పేజీయే. నేను లేచి చెప్పలేని మాట మీ అంకెలు చెబుతాయి.

మా మైదానంలో జరిగే మ్యాచ్‌ల లెక్క ప్రతి ఆదివారం రాత్రి ఎనిమిదిలోపు నేను పంపిస్తాను. కూడికలు సరిచూసేది ఆ కుర్రాడే.

ఇట్లు,
ఒక స్కోరర్,
అనంతపురం