ఘటోత్కచుడి కోసం ఏడ్చినవాడు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది నెల దాటింది. ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు క్షమించు. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది, పెరటి మామిడి ఈ ఏడు సరిగా కాయలేదు, మిగతావన్నీ మామూలే. అసలు సంగతి నీకు చెబితే గాని నా మనసు కుదుటపడదు.

మా అక్క కూతురు సెలవులకు వచ్చింది. 1957 నాటి ‘మాయాబజార్’ను అది ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఎస్వీ రంగారావు గద భుజాన వేసుకుని నడిచినట్టే, చీపురుకట్ట భుజాన పెట్టుకుని వరండా అంతా తిరుగుతూ ఉంటుంది. (మన గుమ్మడికాయ గద, ఆ సాయంత్రం మీ నాన్నగారి ముందు మనం నిలబడిన తీరు నీకు గుర్తుకు రాక మానవు.) మొన్న రాత్రి అన్నం తింటూ, “మామయ్యా, చివరికి ఘటోత్కచుడు ఏమయ్యాడు?” అని అడిగింది. నేను ముందూవెనుకా చూడకుండా అటక మీది ద్రోణపర్వం దించి, సంస్కృత శ్లోకాల కింది తెలుగు తాత్పర్యం చదవడం మొదలుపెట్టాను.

పద్నాలుగో నాటి రాత్రి యుద్ధం, దివిటీల వెలుగు, ఎలుగుబంటి తోలు కప్పిన ఎనిమిది చక్రాల ఇనుప రథం, జెండా మీద గద్ద: ఇంతవరకూ అది కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. ఘటోత్కచుడికి అంజనపర్వుడనే కొడుకు ఉన్నాడనీ, ఆ రాత్రే అశ్వత్థామ వాణ్ణి చంపాడనీ చదివేసరికి దాని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అర్జునుణ్ణి చంపడానికి దాచుకున్న, ఇంద్రుడిచ్చిన శక్తి అనే ఆయుధాన్ని కర్ణుడు విసరక తప్పలేదు, చనిపోతూ కూడా ఒళ్లు పెంచి ఒక అక్షౌహిణి సేనను తన కింద నలిపేశాడు ఘటోత్కచుడు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. పాండవులందరూ కన్నీరు పెడుతూ ఉంటే కృష్ణుడు సంతోషం పట్టలేక అర్జునుణ్ణి కౌగిలించుకుని నాట్యం చేశాడనీ, వీడు యజ్ఞాలకు ద్వేషి, కర్ణుడు చంపకపోతే నేనే చంపవలసి వచ్చేదన్నాడనీ కూడా చదివాను.

అది ఎంగిలి చేతితోనే పుస్తకం మూసేసింది. ఆ పేజీ మీద పప్పు మరక ఇంకా ఉంది, నేను తుడవలేదు. “ఇతను మన ఘటోత్కచుడు కాదు. శశిరేఖ ఏది?” అంది. వ్యాసుడి భారతంలో శశిరేఖే లేదని, అభిమన్యుడి పెళ్లి ఉత్తరతోనే జరిగిందని, శశిరేఖ కథ జనం చెప్పుకున్నదని నేను అంటూ ఉండగానే లేచి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన తిరునాళ్లలో సురభి వాళ్లు మాయాబజార్ ఆడిన రాత్రి నువ్వూ నేనూ వేదిక వెనక్కి వెళ్లి... అది మరోసారి రాస్తాను. తెల్లవారుజామున దీపం వేసుకుని మిగిలిన అధ్యాయం చదివాను. మిత్రమా, అక్కడ ధర్మరాజు ఉన్నాడు! అర్జునుడు అస్త్రాల కోసం వెళ్లినప్పుడు ఈ బిడ్డే మాకు తోడుగా ఉన్నాడనీ, గంధమాదన పర్వతం మీద అలసిపోయిన ద్రౌపదిని వీపున మోశాడనీ, సహదేవుడి మీద ఎంత ప్రేమో అంతకు రెట్టింపు ఈ రాక్షసుడి మీద ఉందనీ కృష్ణుడితోనే చెప్పి ఏడుస్తాడు. ఆ దుఃఖంతో తానే కర్ణుడి మీదికి బయలుదేరితే వ్యాసుడు స్వయంగా వచ్చి ఆపవలసి వచ్చింది.

మన వాళ్లు ఘటోత్కచుణ్ణి ఉన్నట్టుండి మంచివాణ్ణి చేశారని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. అది తప్పు. మూలంలో ఆ రాత్రి రెండు మాటలు వినిపించాయి, ఒకటి కృష్ణుడిది, ఒకటి ధర్మరాజుది. తెలుగు జనం ధర్మరాజు మాట పట్టుకున్నారు. ద్రౌపదిని మోసిన ఆ వీపే మన కథలో మరదలి వరసైన శశిరేఖను మంచంతో సహా ఎత్తుకొచ్చిందని నాకు అనిపిస్తోంది. జావా తోలుబొమ్మలాటలో సైతం ఇతడు ఆకాశంలో ఎగిరే వీరుడే, అక్కడ ఎవరి మాట పట్టుకున్నారో మరి.

పొద్దున్నే దానికి ఆ భాగం చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “ద్రౌపదిని మోసేటప్పుడు నవ్వుతూనే మోసి ఉంటాడు కదా మామయ్యా?” అని అడిగింది. దానికి నేనేమన్నానంటే... తపాలా సంచీ కట్టే వేళయింది, ఆ కుర్రవాడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. వెంటనే జవాబు రాయి.

నీ
గుమ్మడికాయ గద భాగస్వామి