వేట ఆపించారు సరే, వల సంచి సంగతేమిటి?

గౌరవనీయులైన రాష్ట్ర మత్స్యశాఖ మంత్రి గారికి,

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు నడిపేవాళ్లం, వలలు కట్టేవాళ్లం కలిసి, పిల్ల చేప తప్పించుకునేలా వల చివరి సంచికి చతురస్రపు కన్ను తప్పనిసరి చేయమని రాస్తున్నాం. నమస్కారాలు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్లు జెట్టీ వదలవు. ఆ నిషేధం ఉండాల్సిందే. ఆ రోజులకిచ్చే భృతి 20 వేల రూపాయలకు పెంచారు, సంతోషం. కానీ జూన్‌లో మొదటి ట్రిప్పు బోట్లు తిరిగొచ్చిన రోజు తెల్లవారుజామున వేలం దగ్గర ఒక్కసారి నిలబడి చూడండి. వంజరం, చందువ ట్రేల చుట్టూ జనం మూగి ఉంటారు. కాస్త అవతల, ఐసు కూడా వేయకుండా నేల మీద పోసిన గుట్ట ఒకటి ఉంటుంది. వేలెడంత కనగర్తలు, రిబ్బను ముక్కల్లాంటి సావళ్లు, గులివింద పిల్లలు. అవి ఎవరింటి కూరకూ పోవు. ఎండబెడితే కోళ్ల మేత, లేదంటే చేపపొడి ఫ్యాక్టరీ.

ఆ గుట్ట లెక్క చూడండి. 8 సెంటీమీటర్ల కనగర్త సుమారు 5 గ్రాములు తూగుతుంది, అంటే కిలోకు 200 పిల్లలు. అదే చేప 22 సెంటీమీటర్లకు ఎదిగితే 120 గ్రాముల దాకా వస్తుంది. 200లో 150 చచ్చిపోయి 50 మిగిలినా ఆరు కిలోల కూర చేప. పైగా అందులో కొన్నయినా గుడ్లు పెట్టి ఉంటాయి. రెండు నెలలు కడుపు మాడ్చుకుని కాపాడిన పిల్లను మేత ధరకు అమ్ముకుంటున్నాం. వదిలేద్దామని ఒక్క బోటు అనుకుంటే లాభం లేదు, పక్క బోటు పడుతుంది. అందుకే రూలు అందరికీ ఒకటే కావాలి.

తప్పంతా వల చివర సంచిలో ఉంది. మామూలు సంచి కన్ను, అంటే పోగుల మధ్య ఖాళీ, డైమండ్ ఆకారంలో ఉంటుంది. జెట్టీ మీద పరిచి చూస్తే వేలు దూరుతుంది. నీళ్లలో బోటు లాగేటప్పుడు, సంచిలో బరువు పడేకొద్దీ అదే కన్ను పొడవునా సాగి గీతలా మూసుకుపోతుంది. ఇక పిల్ల చేపకు దారి ఉండదు. చతురస్రపు కన్నుకు ఆ బాధ లేదు. లాగుడంతా నిలువు పోగుల మీదే పడుతుంది, అడ్డ పోగులు అలాగే నిలుస్తాయి, కన్ను తెరుచుకునే ఉంటుంది. గుజరాత్ నిబంధనల్లో 40 మిల్లీమీటర్ల చతురస్రపు కన్ను ఎప్పటి నుంచో ఉంది, అమలు మాట వేరనుకోండి. 40 మిల్లీమీటర్లంటే సాగదీసి ముడి నుంచి ముడికి కొలిచింది. చతురస్రంగా కడితే ఒక్కో వైపు 20 మిల్లీమీటర్లు. అమలు మాట వేరనుకోండి.

కట్టడంలో చెడేది ఎక్కడో కూడా చెప్పాలి. ముడుల వల గుడ్డను ఏటవాలుగా కోసి తిప్పి కుడితే, నాలుగు లాగుళ్లకే ముడి జారి కన్ను వంకర పోతుంది. ముడి లేని గుడ్డ గానీ, వేడితో ముడి బిగించిన గుడ్డ గానీ వాడాలి. రెండోది మోసం. పైకి 40, లోపల దోమతెర లాంటి వల తొడుగు. మూడోది, అడుగు రాపిడికి సంచి చిరగకుండా కట్టే గుడ్డ. అది అవసరమే, కానీ కింది సగానికే ఉండాలి. చుట్టూ కడితే చతురస్రం కట్టీ దండగ. రొయ్య వలకూ చేప వలకూ ఒకే కొలత పెడితే రొయ్య జారిపోతుందని రొయ్య బోట్లు ఒప్పుకోవు, వాళ్ల గోడులో న్యాయముంది. వలలు, చేపల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థలు సిఫ్ట్, సీఎంఎఫ్ఆర్ఐల కేంద్రాలు రెండూ మన విశాఖ పాండురంగాపురంలోనే ఉన్నాయి. వాళ్లనూ బోటు సంఘాలనూ కూర్చోబెట్టి రెండు కొలతలు ఖరారు చేయించండి.

తనిఖీ సముద్రంలో వద్దు, పెట్రోలింగ్ బోటు ఎన్నింటి వెంట తిరుగుతుంది? నిషేధం రోజుల్లో ప్రతి బోటూ జెట్టీకే కట్టి ఉంటుంది, వలలన్నీ గట్టు మీదే బాగు చేస్తుంటాం. సంచి మార్చడానికీ, కొలిచి సీలు వేయడానికీ అంతకన్నా అదను దొరకదు. కొలవడానికి అంచెలంచెలుగా సన్నబడే లోహపు పలక చాలు. వరుసగా 20 కళ్లలో దూర్చి సగటు తీయాలి. ఒక్క కన్ను చూసి జరిమానా రాస్తే తగాదా తప్పదు.

సీలు లేని బోటుకు డీజిల్ సబ్సిడీ ఆపండి. లీటరుకు 9 రూపాయల చొప్పున నెలకు 3 వేల లీటర్లంటే 27 వేలు. ఆ దెబ్బ ముందు జరిమానా ఏపాటిది! వేలం దగ్గర కూడా కనీస సైజు పెట్టాలి. కేరళలో కనగర్తకు 14 సెంటీమీటర్లు, నూనె కవళ్లకు 10 ఉంది. కొనేవాడు లేకపోతే పట్టేవాడూ ఉండడు.

తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మర బోటు రాకూడదన్న రూలు 1994 చట్టం నాటిది, దాన్నీ గట్టిగా పట్టించండి. చేప తగ్గితే తెప్పవాడికీ బోటువాడికీ, వలకూ వలకూ తగువే. 2022 జనవరిలో రింగు వలల (చేపల గుంపును చుట్టేసే వలల) గొడవలో పడవలు తగలబడటం ఈ ఊరు చూసింది.

కొత్త గుడ్డ ఆర్డరు పెట్టి తెప్పించుకోవడానికి మాకు నెల కావాలి. జీవో ఏప్రిల్‌లో వస్తే ఆ ఏడాదికి లాభం లేదు. మార్చి మొదటి వారానికల్లా కొలత చెప్పండి, జూన్ 14 లోపు సంచులు మార్చి చూపిస్తాం.

ఇట్లు,
విశాఖ ఫిషింగ్ హార్బర్ బోటు, వల పనివాళ్లు