హార్డ్ డిస్క్ బాగానే ఉంది, మీ అడాప్టరే బాలేదు

కస్టమర్ సపోర్ట్ వాళ్ళకి, అలాగే మీ సైట్ అడుగున చిన్న అక్షరాల్లో కనిపించే గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

సోనీ గేమ్ మెషీన్ ప్లేస్టేషన్ 2 (పీఎస్2)కి ఇప్పటి రకం హార్డ్ డిస్క్ తగిలించడానికి మీ దగ్గర కొన్న సాటా అడాప్టర్ గురించి రాస్తున్నాను. మీ చాట్‌లో చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. ప్రతిసారీ కొత్త మనిషి వస్తారు, మొదటి నుంచి చెప్పమంటారు, అంతా విన్నాక "హార్డ్ డిస్క్ మార్చి చూడండి సర్" అని చాట్ మూసేస్తారు. అందుకే మొత్తం ఒకేచోట రాసి పెడుతున్నాను, ఈసారైనా చివరిదాకా చదవండి.

నాది పాత లావు మోడల్, ఎస్‌సీపీహెచ్-50000 సిరీస్, వెనక ఎక్స్‌పాన్షన్ బే, అంటే హార్డ్ డిస్క్ పెట్టుకునే ఖాళీ అర, ఉన్న రకం. లేజర్ అరిగిపోయింది, ఒక గేమ్ డీవీడీ చదివితే ఇంకోటి చదవదు. పోనీ యూఎస్‌బీ నుంచి ఆడదామంటే ఆ పోర్టులు 1.1 రకం, సెకనుకు 12 మెగాబిట్లకు మించి రావు, గేమ్ మధ్యలో వీడియో వచ్చిందంటే ముక్కలు ముక్కలుగా ఆడుతుంది. ఇలాంటి మెషీన్ ఉన్నవాళ్ళకి మంచి దారి లోపల హార్డ్ డిస్క్ పెట్టుకోవడమే. సోనీ కూడా 2004లో అమెరికాలో దీనికోసం 40 జీబీ డిస్క్ అమ్మింది, ఆ బే ఏదో అలంకారానికి పెట్టింది కాదు. అప్పటివి ఐడీఈ అనే పాత కనెక్టర్ డిస్కులు, ఇప్పుడు బజారులో దొరికేవి సాటా అనే కొత్త కనెక్టర్‌వి. ఆ రెండిటికీ పొత్తు కుదిర్చే బోర్డు కోసమే మీకు డబ్బులు కట్టాను.

ఇక వచ్చిన వస్తువు సంగతి. డిస్క్ తగిలించి బేలోకి తోస్తే పూర్తిగా లోపలికి వెళ్ళదు, కుడివైపు సందు మిగిలిపోతుంది. ఎందుకా అని బయటికి తీసి లైటు కింద పెట్టి చూస్తే సాటా కనెక్టర్ బోర్డు మీద తిన్నగా లేదు, ఒక చివర అంటుకుని ఉంది, రెండో చివర గోరు దూరేంత పైకి లేచి ఉంది, ఆ లేచిన వైపు సోల్డర్ (టంకం) కూడా పలచగా పడింది. దాంతో డిస్క్ ఒక పక్కకి ఒరిగి బే అంచుకి తగులుతోంది. వెనకున్న రెండు స్క్రూలు బిగించే కొద్దీ బోర్డు వంగుతుంది. స్క్రూలు వదులుగా ఉంచితే మెషీన్‌కి డిస్క్ కనిపిస్తుంది, గట్టిగా బిగిస్తే మాయం. వదులుగానే ఉంచి ఆడితే గేమ్ మొదలవుతుంది, లోడింగ్ దగ్గర బిగుసుకుపోతుంది. ఈ వంకర కనెక్టర్ ఫోటోలు మీకు ముందే పంపాను. ఒక్కరు కూడా వాటి గురించి మాట ఎత్తలేదు.

డిస్క్ మార్చమన్నారు కదా, అదీ చూశాను. కంప్యూటర్‌కి తగిలించి పూర్తిగా స్కాన్ చేస్తే ఒక్క బ్యాడ్ సెక్టార్ (పాడైన చోటు) లేదు. మా ఫ్రెండ్ దగ్గర ఇదే బేలో పెట్టే సోనీ వాళ్ళ అసలు నెట్‌వర్క్ అడాప్టర్ ఉంది, అందులోని ఐడీఈ బోర్డు తీసేసి సాటా బోర్డు వేయించుకున్నాడు. అది తెచ్చి నా మెషీన్‌కే, ఈ డిస్క్‌తోనే పెడితే తెల్లవార్లూ ఆడినా ఎక్కడా ఆగలేదు. మెషీన్ అదే, డిస్క్ అదే, గేమ్ అదే, మారింది మీ అడాప్టర్ ఒక్కటే. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఇంకా నా డిస్క్ మీదే పడతారేంటి? మీ వాళ్ళలో ఒకరైతే "3.5 అంగుళాల డిస్క్ పెట్టకూడదు సర్, పవర్ ఎక్కువ లాగుతుంది" అన్నారు. ఆ బే చేసిందే 3.5 అంగుళాల డిస్క్ కోసం, సోనీ అమ్మిందీ ఆ సైజే, మీ పేజీలో మీరు రాసిందీ అదే. అమ్మే వస్తువు గురించి కాస్తయినా తెలిసినవాళ్ళని చాట్‌లో కూర్చోబెట్టండి.

అసలు మీ పేజీలో రాసిన వాటిల్లో ఎన్ని నిజాలో మీరే ఒకసారి చూసుకోండి. "అన్ని పీఎస్2 మోడళ్ళకూ సరిపోతుంది" అట. 2004లో వచ్చిన స్లిమ్ మోడల్ నుంచి ఆ బేనే లేదు, స్లిమ్ ఉన్నవాడు ఇది కొని ఎక్కడ పెట్టుకోవాలి, నెత్తిమీదా? "8 టీబీ వరకు సపోర్ట్" అన్నది ఇంకా అన్యాయం. పీఎస్2 తన డిస్క్ మీద సెక్టార్లను, అంటే డేటా దాచే చిన్న ముక్కలను, 32 బిట్ల నంబర్లతో లెక్కపెట్టుకుంటుంది, సెక్టారుకి 512 బైట్లు, గుణించి చూస్తే 2 టీబీ దగ్గర ఆగిపోతుంది. మీ మాట నమ్మి ఎవరైనా పెద్ద డిస్క్ కొంటే మిగతాదంతా దండగే. ఫోటోలో ఈథర్‌నెట్ పోర్ట్ (నెట్ కేబుల్ పెట్టే చోటు) ఉన్న అడాప్టర్ చూపించారు, నాకొచ్చిన దాంట్లో పోర్ట్ ఉండాల్సిన చోట నున్నటి ప్లాస్టిక్ ఉంది. "ప్లగ్ అండ్ ప్లే" (తగిలించి ఆడేయడమే) అని కూడా రాశారు, కానీ బయటి ప్రోగ్రాములు నడిపించే ఫ్రీ మెక్‌బూట్ ఎక్కించిన మెమరీ కార్డ్ లాంటిది ఉండాలి, డిస్క్‌ని పీఎస్2 పద్ధతిలో ఫార్మాట్ చేయాలి, గేములు ఓపెన్ పీఎస్2 లోడర్ అనే ప్రోగ్రాంలో తెరవాలి. ఇవేమీ తెలియకుండా పిల్లాడి కోసం కొన్న తండ్రి ఏమైపోతాడు? ఈ పనంతా నాకు అలవాటే కాబట్టి సరిపోయింది.

వాపసు అడిగితే "సీల్ తీశారు కాబట్టి కుదరదు" అన్నారు. సీల్ తీయకుండా అడాప్టర్ పనిచేస్తుందో లేదో కనిపెట్టే విద్య నాకు రాదు. తర్వాత జాలిపడి కూపన్ ఇస్తామన్నారు, దాంతో ఇంకో వంకర అడాప్టర్ కొనుక్కోవాలా? వస్తువులో లోపం ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా అమ్మినవాళ్ళు వెనక్కి తీసుకోనని అనకూడదని 2020 ఈ-కామర్స్ నియమాల్లోనే ఉంది. నా విషయంలో రెండూ ఉన్నాయి. ఇంకో మాట, మీ డబ్బా మీద దిగుమతి చేసినవాళ్ళ పేరు లేదు, ఏ దేశంలో తయారైందో లేదు, ఎంఆర్‌పీ కూడా లేదు, తెల్లటి అట్టపెట్టె మీద బార్‌కోడ్ ఒక్కటే ఉంది. అదీ చట్టప్రకారం ఉండాల్సిందే.

కాబట్టి నాకు రీప్లేస్‌మెంట్ వద్దు. మీ రివ్యూల్లో వేరేవాళ్ళు పెట్టిన ఫోటోల్లోనూ ఇదే వంకర కనిపిస్తోంది, ఇంకోటి పంపినా ఇలాగే వస్తుందని నా నమ్మకం. కట్టిన డబ్బు మొత్తం, డెలివరీ చార్జీతో సహా, ఏ ఖాతా నుంచి కట్టానో దానికే వేయండి, మీ వాలెట్‌లోకి కాదు. వస్తువుని మీ ఖర్చుతోనే తీసుకెళ్ళండి. స్లిమ్ సంగతి, 8 టీబీ సంగతి, ఆ ఈథర్‌నెట్ ఫోటో వెంటనే సరిచేయండి, నా డబ్బు ఇచ్చేసి ఆ పేజీ అలాగే ఉంచితే నేను ఊరుకోను.

ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి, ఆ ఈ-కామర్స్ నియమాల్లోనే ఉంది. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయిస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. బిల్లు, కనెక్టర్ ఫోటోలు, రెండు అడాప్టర్లతో తీసిన వీడియో, మీ చాట్ స్క్రీన్‌షాట్లు జత చేశాను.

పికప్‌కి మనిషిని పంపే ముందు ఫోన్ చేయమనండి, సాయంత్రం ఆరు దాటాక అయితే ఇంట్లోనే ఉంటాను.