నాన్నా, ఆ తుపాకుల షాపు సంగతి

నాన్నా,

ఫోన్లో అయితే అమ్మ ఏడుపు వింటూ నేనేమీ చెప్పలేను, అందుకని రాస్తున్నా. చెల్లికి పంపి ప్రింటు తీసి నీ చేతికే ఇమ్మన్నా. ముందు నువ్వు చదువు, తర్వాత అమ్మకి చదివి వినిపించు. మేం ముగ్గురం ఇక్కడ అమెరికాలో బాగున్నాం. బుజ్జిగాడికి జలుబు తగ్గింది, స్కూలుకి వెళ్తున్నాడు. నా డ్యూటీ మామూలే, ల్యాబ్‌లో నైట్లు వారానికి మూడు, అలవాటైపోయింది.

చెల్లి చెప్పిన మాట నిజమే. తుపాకుల షాపుకి వెళ్ళా. కానీ కొనలేదు నాన్నా, ఇంట్లో తుపాకీ లేదు, ఈ ముక్క అమ్మకి ముందే చెప్పేయ్. రెండు రోజులుగా మాట్లాడట్లేదంట కదా నువ్వు. నువ్వు కోప్పడితే నాకు ధైర్యం, మాట్లాడకపోతేనే కాళ్ళూ చేతులూ ఆడవు.

ఎందుకు వెళ్ళానంటే, మా వీధి చివర గుంటూరు వాళ్ళింట్లో దొంగలు పడ్డ సంగతి తెలుసు కదా, పెళ్ళికెళ్ళి వచ్చేసరికి బీరువాలన్నీ తిరగేసి బంగారం మొత్తం ఊడ్చుకుపోయారు. మన వాళ్ళ ఇళ్ళల్లో బంగారం ఉంటుందని ఇక్కడ దొంగలకి బాగా తెలుసు. మీ అల్లుడు నెలలో రెండు వారాలు ఊళ్ళు తిరుగుతారు, అలాంటప్పుడు మన చిన్నోడు వచ్చి బుజ్జిగాడితో పడుకుంటాడు, నేను డ్యూటీలో ఉన్నా మనసంతా ఇంటి మీదే. (అమ్మా, నీ చంద్రహారం, గాజులు, అన్నీ బ్యాంకు లాకర్లో పెట్టేశా. ఒంటి మీద నల్లపూసలు ఒక్కటే. అదొక్కటి నిశ్చింతగా ఉండు.) ఇంకా 2023 మే 6న ఇక్కడ టెక్సాస్‌లోనే ఆలెన్ మాల్‌లో కాల్పులు జరిగినప్పటి నుంచీ, మన తెలుగమ్మాయి కూడా పోయింది కదా అందులో, ఎక్కడ గట్టిగా తలుపు పడ్డా ఉలిక్కిపడతా. ఆ మాల్‌కి మేం ఎన్నిసార్లు వెళ్ళామో. ఇవన్నీ నీకు చెప్పలేదు, చెబితే నువ్వు నిద్రపోవని.

సరే, షాపు. మీ అల్లుడు ఊళ్ళో లేరు, చిన్నోడు తోడొచ్చాడు. పెద్ద షాపే, గోడ నిండా రైఫిళ్ళు, పొడుగాటి గాజు కౌంటరు, అందులో పిస్టళ్ళు మన నగల షాపులో గాజుల్లాగా వరసగా పేర్చి ఉన్నాయి. కౌంటరు వెనక నలుగురు సేల్స్ వాళ్ళు. నేను వెళ్ళి నిలబడ్డా. ఒకాయన ఎవరో తెలిసినాయనతో వేట కబుర్లు చెబుతున్నాడు, ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు. నా తర్వాత వచ్చినవాళ్ళని ఇద్దరిని పలకరించారు, నన్ను మాత్రం చూసి కూడా చూడనట్టే ఉన్నారు. ఇరవై నిమిషాలు పైనే నిలబడ్డా నాన్నా, ఎక్స్‌క్యూజ్ మీ అని మూడుసార్లు అన్నా.

చివరికి ఒకతను వచ్చి నన్ను కాదు, చిన్నోడిని అడిగాడు ఏం కావాలని. నాకు కావాలి, ఇంట్లో రక్షణకి, ఎప్పుడూ పిస్టల్ కాల్చలేదు, ముందు నాలుగు విషయాలు తెలుసుకుందామని వచ్చానని నేను చెప్పా. నేనడిగిన దానికి కూడా చిన్నోడి మొహం చూసే జవాబు. చిన్న రివాల్వర్ ఒకటి తీసి, పిడి గులాబీ రంగుది, ఆడవాళ్ళకి ఇదే బాగుంటుంది, తేలిక, హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టేస్తుంది అన్నాడు. అది చూడగానే నాకు నువ్వే గుర్తొచ్చావు. బరువున్న తుపాకీ దెబ్బని తనే కొంత మింగుతుంది, తేలికది మొత్తం మన చేతికే తంతుందని నువ్వు ఎన్నిసార్లు చెప్పుంటావు. ఇది కొత్తవాళ్ళకి గట్టిగా తంతుంది కదా అన్నా. అతను నవ్వి, యూట్యూబ్ చూసొచ్చారా అన్నాడు. మా నాన్న మిలిటరీ అని నోటిదాకా వచ్చింది, ఎందుకో అనలేదు. అనాల్సింది.

ఇంక అసలు విషయం, నేను చెల్లికి కూడా సరిగ్గా చెప్పనిది. కింద నుంచి తొమ్మిది ఎంఎం పిస్టల్ ఒకటి తీశాడు. తీసినవాడు తెరిచి చూడలేదు. లోపల తూటా ఉందో లేదో చూడకుండా, మాట్లాడుతూనే అలా తిప్పాడు, గొట్టం మూతి నా పొట్ట మీంచి వెళ్ళి చిన్నోడి ఛాతీ మీంచి తిరిగింది, ఆ తర్వాత చిన్నోడి చేతిలో పెట్టేశాడు. అలా తిప్పేటప్పుడు అతని చూపుడు వేలు ట్రిగ్గర్ పక్కన కాదు, ట్రిగ్గర్ మీదే ఉంది. నేను ఒక్క ఉదుటున చిన్నోడి మణికట్టు పట్టుకుని కిందకి దించి, అక్కడ పెట్టేయ్ అని తెలుగులో అరిచా. షాపులో అందరూ చూశారు. కంగారు పడకండి మేడం, ఖాళీదే అన్నాడతను. నువ్వు చూడలేదు కదా అన్నా. ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి అన్నాడు.

ఎప్పుడూ ఖాళీగానే ఉంటుందన్నవాళ్ళ ఇంట్లోనే శవం లేస్తుందని నువ్వు అనేవాడివి గుర్తుందా. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయా.

పైగా చిన్నోడు హెచ్-1బీ, అదే ఉద్యోగం వీసా మీద ఉన్నాడు. ఆ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. ఇది ఫెడరల్ చట్టం, దేశం మొత్తానికీ. మా ఇద్దరికీ గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి కొనొచ్చు, వాడికి లేదు. చేతిలోకి తీసుకున్న ఆ కాసేపు కూడా ఎవరైనా పట్టుకుంటే వాడి బతుకు ఏం కావాలి? వాడికి ఆ రూలు తెలియదు పాపం, నాకు కూడా వెళ్ళేముందు రాత్రే తెలిసింది, వాడికి చెబుదామనుకుని మర్చిపోయా. తప్పు నాదీ ఉంది. కానీ రోజూ అదే పని చేసేవాడు, మా మొహాలు చూస్తే వేరే దేశం వాళ్ళమని తెలుస్తూనే ఉంది, చేతిలో పెట్టేముందు ఒక్క ముక్క అడగొచ్చు కదా. మేం ఎవరమో, ఎందుకొచ్చామో తెలుసుకోకుండా నవ్వడానికి మాత్రం తీరిక ఉంది.

బుజ్జిగాడున్నాడు, తాళం సంగతి ఏంటని అడిగా. డబ్బాలో వస్తుంది అన్నాడు, అంతే. అతని వెనక గోడ మీదే బోర్డు ఉంది, పిల్లలు ఉండేచోట పిల్లల చేతికందేలా తుపాకీ వదిలేయడం చట్టవిరుద్ధమని. టెక్సాస్‌లో ప్రతి డీలరూ ఆ బోర్డు పెట్టాలి. ఇక్కడ పదిహేడేళ్ళ లోపు పిల్లల చేతికి తుపాకీ చిక్కితే కేసు దాన్ని భద్రంగా దాచనివాళ్ళ మీదే. ఆ బోర్డు చదివి వినిపించినా నాకు చాలు. ఏది కొంటున్నారో త్వరగా చెప్పండి, వెనక జనం ఉన్నారు అన్నాడు. దండం పెట్టి వచ్చేశాం.

కార్లో కూర్చున్నాక నాకు బెజవాడ షాపు గుర్తొచ్చింది నాన్నా. నేను ఆరో క్లాసు అనుకుంటా, తూటాలకని నువ్వు తీసుకెళ్ళావు, బస్సులో నాకు వాంతులయ్యాయి. ఆ పెద్దాయన ముందు నీకు కుర్చీ వేసి, నాకు సోడా తెప్పించి, అప్పుడు లైసెన్సు అడిగాడు. కళ్ళజోడు పెట్టుకుని ఆ పుస్తకంలో ప్రతి పేజీ తిప్పాడు. ఎర్ర తూటాలు ఒక్కొక్కటి లెక్కపెట్టి బల్ల మీద నిలబెట్టి, లైసెన్సులో రాసి, తన రిజిస్టర్లో రాసి, నీ సంతకం తీసుకున్నాడు. నేను ఒక తూటా ముట్టుకోబోతే చేతి మీద చిన్న దెబ్బేశాడు, వేసి మళ్ళీ తనే చూపించాడు, ఇదిగో తల్లీ ఈ ఇత్తడి వైపు మధ్యలో చుక్క ఉంది చూడు, దీని మీద దెబ్బ పడితేనే పేలుతుంది, అందుకే జేబులో మేకులతో కలిపి వేసుకోకూడదు అని. నేను పిల్లని, కొనేదాన్ని కాదు. అయినా చెప్పాడు. ఇంటికొచ్చాక నువ్వు నీ డబుల్ బ్యారెల్ తుపాకీ మధ్యలోకి వంచి, రెండు గొట్టాల్లోంచి కిటికీ వెలుతురు చూసి, నన్ను కూడా చూడమనేవాడివి. రెండు వెలుతురు చుక్కలు కనిపిస్తేనే గుడ్డ పెట్టి తుడిచేవాడివి. ఆ నూనె వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది.

ఇక్కడ చట్టం లేదని కాదు. కొనేటప్పుడు 4473 అని ఒక ఫారం నింపాలి, అందులో గ్రీన్‌కార్డు వాళ్ళు నంబరు కూడా రాయాలి, షాపు వాళ్ళు ఎఫ్‌బీఐకి పంపితే పేరు మీద కేసులేమైనా ఉన్నాయేమో చూస్తారు, 1998 నుంచి ఆ పద్ధతి ఉంది. చాలామందికి నిమిషాల్లో వచ్చేస్తుంది, కొందరికి ఆగమంటారు, మూడు పనిరోజుల్లో ఏమీ తేల్చకపోతే ఇవ్వొచ్చా లేదా అనేది షాపువాడి ఇష్టం. మన దగ్గరలా స్టేషన్ నుంచి మనిషి వచ్చి ఇంటి పక్కవాళ్ళని అడగడాలూ, కలెక్టరాఫీసు చుట్టూ తిరగడాలూ ఇక్కడ లేవు. మనల్ని ఎదురుగా నిలబెట్టి చూసే మనిషి ఆ కౌంటరు వెనకాయన ఒక్కడే. అనుమానం వస్తే అమ్మనని చెప్పే హక్కు కూడా ఆయనకి ఉంది. అలాంటి చోట కూర్చున్న మనిషి ఫోన్ చూసుకుంటుంటే నాకు అవమానం కంటే భయమేసింది నాన్నా. నన్ను పలకరించకపోతే పోనీ, నా పక్కన నిలబడ్డవాడు ఎవడో, వాడికి మతి స్థిమితం ఉందో లేదో ఎవరు చూస్తారు?

మామిడికాయ పచ్చడి అందింది. సీసా మూత కొంచెం కారింది కానీ పచ్చడి బాగుంది. ఈసారి నూనె ఎక్కువ వేయించకు, కస్టమ్స్‌లో విప్పి చూసినట్టున్నారు. అమ్మ మోకాలికి ఆ డాక్టరు ఇంజక్షన్ అన్నాడంట, రెండో డాక్టరుకి చూపించకుండా వేయించొద్దు. డబ్బు గురించి ఆలోచించకండి.

వారం తర్వాత ఇంకో షాపుకి వెళ్ళా. కోప్పడకు, చివరిదాకా చదువు. మా ల్యాబ్‌లో పనిచేసే ఆవిడ, భర్త పోలీసు, అక్కడికి వెళ్ళమంది. చిన్న షాపు. అరవై దాటిన పెద్దాయన, నన్నే చూసి నాతోనే మాట్లాడాడు. ముందు ఏ తుపాకీ తీయలేదు. ఇంట్లో ఎవరెవరుంటారు, పిల్లలెంత వయసు, ఎవరైనా దిగులు మనుషులున్నారా, డ్యూటీ ఏ టైములో, అన్నీ అడిగాడు. నా డ్రైవింగ్ లైసెన్సు మీద పాత అడ్రస్ ఉంది, అది చూసి ఫారంలో ఇప్పుడుండే అడ్రసే రాయాలి, దానికి ప్రభుత్వ కాగితం కావాలి, కారు రిజిస్ట్రేషన్ మీద కొత్త అడ్రస్ ఉంటే అది పనికొస్తుంది, లేకపోతే ముందు లైసెన్సు మార్చుకురా అన్నాడు. మొదటి షాపులో ఏ కాగితాలు కావాలంటే ఐడీ తెచ్చుకో అన్నారు, అంతే. పేరు కూడా ఐడీ మీద ఉన్నట్టే పూర్తిగా రాయాలన్నాడు. మన ఇంటిపేరు నా పేరు కలిపి ఎంత పొడుగో నీకు తెలుసు, ఆయన ఒక్కొక్క అక్షరం పలికి సరిగ్గా అనగలిగేదాకా వదల్లేదు.

అప్పుడు పిస్టల్ తీశాడు. తూటాలుండే మ్యాగజైన్ ఊడదీసి పక్కన పెట్టి, పై భాగం వెనక్కి లాగి అలాగే ఆపి, లోపల కళ్ళతో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి, నాకు చూపించి, ఖాళీ అని నువ్వు చెప్పు అన్నాడు. ఖాళీ అన్నా. అప్పుడు గొట్టం గోడ వైపు ఉంచి పిడి నా వైపు తిప్పి ఇచ్చాడు. తీసుకున్నాక నేను మళ్ళీ లోపల చూశా, నాకు తెలియకుండానే. ఎవరు నేర్పారు అని అడిగాడు. మా నాన్న అన్నా. డబుల్ బ్యారెల్, బ్యాంకు గార్డు, అంతకుముందు పదిహేడేళ్ళు మిలిటరీ, మా మాధవరంలో ఇంటికొకరైనా సైన్యంలో చేసినవాళ్ళుంటారు అని చెప్పా, ఆ రోజు అక్కడ చెప్పనిదంతా ఇక్కడ చెప్పేశా. ఆయన కూడా సైన్యంలో చేశాడంట. నీకు సెల్యూట్ చెప్పమన్నాడు, నిజంగా చెయ్యి ఎత్తి పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది అక్కడే.

ఇవాళ కొనొద్దు అన్నాడు ఆయనే. మీ ఆయనతో మాట్లాడు, ముందు క్లాసు చేరు, అక్కడ రెండు మూడు రకాలు కాల్చి చూడు, ఇంట్లో సేఫ్ ఎక్కడ బిగిస్తావో నిర్ణయించుకో, అప్పటికీ కావాలనిపిస్తే రా అన్నాడు. అమ్ముకునేవాడు కొనొద్దంటాడా చెప్పు. ఇప్పుడు శనివారాలు క్లాసుకి వెళ్తున్నా. మీ అల్లుడికి ఇంట్లో తుపాకీ ఇష్టం లేదు, బుజ్జిగాడి వయసులో వద్దంటున్నారు, ఆ మాటా నిజమే, దాని మీద ఇంకా మాకు తేలలేదు. ముందైతే తలుపులకి గట్టి గడియలు, నాలుగు కెమెరాలు పెట్టించాం. మొదటి షాపు మేనేజర్‌కి జరిగింది జరిగినట్టు మెయిల్ రాశా, గొట్టం ఎటు తిరిగిందో, వేలెక్కడుందో కూడా రాశా. జవాబు లేదు. మళ్ళీ రాస్తా.

చెల్లి కూతురికి కౌన్సెలింగ్‌లో ఏం వచ్చిందో ఎవరూ చెప్పట్లేదు నాకు.

నీ డబుల్ బ్యారెల్ 2024 ఎలక్షన్లకి స్టేషన్లో డిపాజిట్ చేశావు కదా, వెనక్కి తెచ్చావా, ఇంకా అక్కడే ఉందా? రసీదు ట్రంకు పెట్టెలోనే ఉంచావా? లైసెన్సు రెన్యూవల్ డేటు చూసుకో, ఐదేళ్ళు ఇట్టే అయిపోతాయి. క్లాసులో మొన్న మొదటిసారి కాల్చాను, పది కాల్చితే ఏడు కాగితం మీద పడ్డాయి, ఆ కాగితం ఫోటో చెల్లికి పంపా, నీ ఒక్కడికే చూపించమన్నా. ఆదివారం పొద్దున్న మీకు ఏడింటికి ఫోన్ చేస్తా. నువ్వే ఎత్తు నాన్నా.

నీ పెద్దది