ఐదింటి బస్సు

విజయవాడ,
శనివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

పది నెలలైంది. నీ ఫోన్లు ఎత్తలేదు, మెసేజీలు చూసి కూడా జవాబివ్వలేదు. తప్పు నాదే. ఎందుకలా చేశానో ఈమధ్యే నాకు తెలిసింది, అది నీకు చెప్పేదాకా ఉండబట్టట్లేదు. ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తా: అమ్మ మా దగ్గరే ఉంది, చిన్నది ఆరో క్లాసుకొచ్చింది, నా బదిలీ ఈ ఏడూ తప్పిపోయింది. ఇక విను.

మార్చిలో మీ చెల్లెలు రాజమండ్రి నుంచి రావాలి. రైలు గంటన్నర లేటు, తన ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. నేను 31 సార్లు చేశానురా. ప్లాట్‌ఫామ్ మీద నిలబడితే చేతులు వణుకు, గుండె దడ, ఊపిరి అందదు. రైలుకేమైనా అయిందేమోనన్న భయం కాదు. ఇక రాదు, నన్ను వదిలేసి వెళ్ళిపోయింది అనిపించింది. పదిహేడేళ్ళు కాపురం చేసిన మనిషి గురించి! తను దిగి నన్ను చూసి ఒక్క మాట అనలేదు. బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించింది. మర్నాడే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. యాంగ్జైటీ డిజార్డర్ అన్నారు. మందు రాసి, పక్క గదిలో సైకాలజిస్టు మేడం దగ్గరికి పంపారు.

ఆవిడ 90 ప్రశ్నల కాగితం ఇచ్చారు, ఒక్కోదానికి 1 నుంచి 6 దాకా మార్కు వెయ్యాలి. కావలసినవాళ్ళు వదిలేసి పోతారన్న బెంగ ఉందా అని అడిగిన చోటల్లా నేను ఆరే వేశాను.

దీన్ని తయారుచేసింది జెఫ్రీ యంగ్ అనే అమెరికన్ సైకాలజిస్టు. కాగ్నిటివ్ థెరపీకి ఆద్యుడైన ఆరన్ బెక్ శిష్యుడు. ఆ పద్ధతిలో, నీ ఆలోచన నిజమో కాదో రుజువులు చూసుకో అని నేర్పితే చాలామందికి గుణమిచ్చేది. కొందరికి మాత్రం అది బుర్రకెక్కేది గానీ మనసుకెక్కేది కాదు. అలాంటివాళ్ళలో చిన్నప్పుడే పాతుకుపోయిన నమ్మకాలు కనిపించాయి ఆయనకి. వాటిని స్కీమాలంటారు, 18 రకాలు లెక్కగట్టాడు. నాలోనే ఏదో లోపముంది, ఎవర్నీ నమ్మకూడదు, ఎంత చేసినా చాలదు, నా బాధ ఎవరికీ పట్టదు... ఇలాంటివి. (మన హాస్టల్ రూమ్ 14లో కర్నూలు కుర్రాడు గుర్తున్నాడా, ఎవరైనా మెచ్చుకుంటే లేచి వెళ్ళిపోయేవాడు... సరే, వాడి సంగతి తర్వాత.) పసివాడికి కావలసిన భద్రత, ఆప్యాయత అందకపోతే, వాడి పుట్టు స్వభావం కూడా తోడై ఇవి ఏర్పడతాయట.

అంటే అవే జబ్బా అని అడిగాను. కాదన్నారు. పునాదిలో చెమ్మ లాంటివట. ఏళ్ళ తరబడి ఏమీ కనపడదు, ఓ వానాకాలం గోడ పెచ్చులూడుతుంది. చెమ్మ ఉన్న ప్రతి గోడా పడిపోదు కూడా. నాలో లోపముందన్న నమ్మకం డిప్రెషన్‌తో ఎక్కువగా ముడిపడి కనిపిస్తుందట. వదిలేస్తారన్న భయం, అపనమ్మకం బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (మనసూ, మనుషులతో సంబంధాలూ నిలకడగా ఉండని జబ్బు) ఉన్నవాళ్ళలో చాలా తీవ్రంగా ఉంటాయట. అలాంటివాళ్ళకి నెదర్లాండ్స్‌లో వారానికి రెండుసార్ల చొప్పున మూడేళ్ళు యంగ్ తయారుచేసిన స్కీమా థెరపీ చేశారు, సగానికి కాస్త తక్కువమంది తేరుకున్నారని 2006లో ప్రచురించారు. అది విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది.

అసలు సంగతి నాలుగోసారి వెళ్ళినప్పుడు జరిగింది. కళ్ళు మూసుకోమన్నారు. స్టేషన్లో వచ్చిన దడ మొట్టమొదట ఎప్పుడొచ్చిందో అక్కడికి వెళ్ళమన్నారు. నాకు తెనాలి దగ్గర మా నాయనమ్మ ఇంటి అరుగు కనిపించిందిరా. ఐదేళ్ళు నాకు. చెల్లి నెలలు నిండకుండా పుట్టింది, అమ్మ దాంతో గుంటూరు ఆస్పత్రిలో ఉండాలి. నన్ను దింపడానికొచ్చి, నేను నిద్రలో ఉండగానే తెల్లవారుజామున ఐదింటి బస్సెక్కి వెళ్ళిపోయింది. లేచి అడిగితే "కొట్టుకెళ్ళింది, వచ్చేస్తుంది" అంది నాయనమ్మ. ఆ అరుగు మీద చెప్పులు విప్పకుండా కూర్చున్నాను. ఏడు నెలలు. మధ్యాహ్నం పడుకోమంటే పడుకునేవాణ్ణి కాదు. నేను కళ్ళు మూస్తే మనుషులు వెళ్ళిపోతారు! అప్పుడు నాకు తెలిసింది అదొక్కటే.

హాస్టల్లో రాత్రి తలుపు గడియ చప్పుడైతే లేచి కూర్చునేవాణ్ణని నువ్వే కదా నాకు వాచ్‌మన్ అని పేరు పెట్టావు! ముప్పై ఏళ్ళుగా మోస్తున్నాను ఆ పేరు, ఎందుకొచ్చిందో తెలియకుండా.

ఆ పిల్లాడి పక్కన ఇప్పటి మీరు వెళ్ళి కూర్చోండి అన్నారు మేడం. కూర్చున్నాను. "అమ్మ ఇవాళ రాదు, కానీ వస్తుంది, నేనిక్కడే ఉంటా" అని చెప్పాను. వాడి చెప్పులు నేనే విప్పాను. ఆ గదిలో ఎంతసేపు ఏడ్చానో తెలియదు.

ఇప్పుడు నీ సంగతి. మీ గృహప్రవేశానికి ఫోన్ చెయ్యకుండా వాట్సాప్‌లో కార్డు పంపావు. అంతే. వీడు నన్ను వదిలేస్తున్నాడు, వాడు వదలకముందే నేనే వదిలేస్తాననుకున్నాను. స్కీమాతో మనుషులు మూడు రకాలుగా వేగుతారట: లొంగిపోతారు, తప్పించుకుంటారు, ఎదురుతిరుగుతారు. మీ చెల్లెలి దగ్గర మొదటిది చేశాను, నీతో మిగతా రెండూ. ఆ వారం మీ నాన్నగారు ఐసీయూలో ఉన్నారని జూన్‌లో గానీ తెలియలేదు నాకు. క్షమించరా.

నిన్న అమ్మని అడిగాను. కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. చెయ్యి ఆగిపోయింది. "నా కొంగు నీ గుప్పిట్లో ఉందిరా. ఒక్కో వేలూ విడదీసుకుని వెళ్ళాను. చెప్పి వెళితే ఏడుస్తావని మీ నాయనమ్మ..." అని ఆపేసింది. మిగతా ముక్కలు తరిగి ఉప్పునీళ్ళలో వేసింది. నాకు కోపం రాలేదు. వస్తుందనే అనుకున్నాను. చెల్లి బతికింది కదా. కానీ ఆ వేళ్ళు

అయ్యో, పోస్టాఫీసు మూసేస్తారు, చిన్నది బండి తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. రేపు రాత్రి ఫోన్ చేస్తా. ఎత్తకపోతే ఒక్కసారే చేసి పడుకుంటా.

నీ
వాచ్‌మన్