మా నాన్నగారి అంబాసిడర్ స్టార్టయింది: సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

తెనాలి దగ్గర మా ఊళ్లో, గేదెల చావిడి పక్కన రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న మా నాన్నగారి అంబాసిడర్ మొన్న ఆదివారం స్టార్టయింది. 1984 మోడల్, మార్క్ 4, 1489 సీసీ పెట్రోలింజన్. దీని వెనక చాలామంది చెయ్యి ఉంది. పేరుపేరునా చెప్పుకోవాలనే అనుకున్నాను గానీ, "నా పేరు పెట్టారంటే మళ్లీ మీ బండి ముట్టుకోను" అని మేస్త్రి గారు ముందే బెదిరించారు. అందుకని ఎవరి పేర్లూ పెట్టడం లేదు.

మొట్టమొదట విజయవాడ ఆటోనగర్ మేస్త్రి గారికి. అంతకుముందు బండి చూసినవాళ్లంతా చెప్పింది రెండే మాటలు. తుక్కుకిచ్చెయ్యండి, లేదంటే ఈ ఇంజన్ దించేసి డీజిలింజన్ ఎక్కించండి. ఒకాయన బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టి చూద్దామని చొక్కా చేతులు కూడా మడిచాడు, మా పిన్ని అడ్డుపడింది కాబట్టి సరిపోయింది. మేస్త్రి గారికి ఫోన్ చేసి సంగతి చెబితే ఆయన అడిగింది ఒక్కటే: "సెల్ఫ్ కొట్టారా?" లేదన్నాను. "అయితే బండికేం కాలేదు. నేనొచ్చేదాకా తాళాలు మీ దగ్గరే పెట్టుకోండి" అన్నారు.

ఎందుకో తర్వాత చెప్పారు. ఎక్కువకాలం తిరగని ఇంజన్లో పిస్టన్ రింగులు తుప్పుతో బోరుకి, అంటే సిలిండర్ లోపలి గోడకి, అతుక్కుపోతాయి. వాల్వులు కూడా గైడుల్లో బిగుసుకుంటాయి. అప్పుడు సెల్ఫుతో బలవంతాన తిప్పితే రింగులు విరుగుతాయి, బోరు గీరుకుపోతుంది, వాల్వుల్ని కదిపే పుష్ రాడ్లు వంగుతాయి. అప్పటిదాకా బాగున్న ఇంజన్ ఆ ఒక్క క్షణంలో పాడవుతుంది.

ఆయన వచ్చి నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, పల్చటి ఆయిల్లో డీజిల్ కలిపి సిరంజితో ఒక్కో సిలిండర్లో పోసి, రంధ్రాలకి గుడ్డపీలికలు కుక్కి, "నాననివ్వండి" అని బస్సెక్కి వెళ్లిపోయారు. మళ్లీ వచ్చినప్పుడు బంపర్ రంధ్రంలోంచి ఇంజన్ని చేత్తో తిప్పే హ్యాండిల్ పెట్టారు. బలం ఉపయోగించలేదు. మొండికేసిన పిల్లాణ్ణి బుజ్జగించినట్టు కాస్త ముందుకి, కాస్త వెనక్కి. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత వేలెడంత కదిలింది. కాఫీ తాగి మళ్లీ మొదలుపెడితే, మధ్యాహ్నం భోజనాల వేళకి హ్యాండిల్ చుట్టూ తిరిగింది. ప్లగ్ రంధ్రాల్లోంచి ఇటుకరంగు నూనె ఉమ్మింది.

అప్పుడైనా స్టార్ట్ చేస్తారేమో అనుకున్నాం. చెయ్యలేదు. పాత ఆయిల్ దించి కొత్తది పోసి, ప్లగ్గులు లేకుండానే తిప్పుతూ, ఇంజన్ పైనుండే ట్యాపెట్ కవర్ తీసి మమ్మల్ని చూడమన్నారు. అందరం బానెట్ కిందకి తలలు దూర్చాం. వాల్వుల్ని నొక్కే, ఎండి నల్లబడిన రాకర్ల సందుల్లోంచి నూనె సన్నగా ఊరి, మెరుస్తూ కిందకి జారింది. "పైదాకా ఎక్కింది, ఇంక భయం లేదు" అన్నారు. ఆ తర్వాతే బ్యాటరీ తెప్పించారు.

ఖరగ్‌పూర్ బాబాయ్ గారికి వేల నమస్కారాలు. రైల్వేలో చేసి అక్కడే స్థిరపడిన మనిషి. నేను పంపిన ఫొటోలు పట్టుకుని కలకత్తా వెళ్లి, మల్లిక్ బజార్లో కొట్టు కొట్టూ తిరిగి ఫ్యూయల్ పంప్ కిట్టు, పాయింట్ సెట్టు, కండెన్సర్, ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్ కొని పార్సిల్ చేశారు. అంబాసిడర్లు 2014 దాకా తయారైంది కలకత్తా పక్కనున్న ఉత్తర్‌పారాలోనే కదా, పైగా పసుపుపచ్చ అంబాసిడర్ ట్యాక్సీల ఊరు, అక్కడ దొరక్కపోతే ఇంకెక్కడా దొరకదని ఆయన ధీమా. బెంగాలీలో బేరమాడి మరీ కొన్నారు బాబాయ్ గారు. ఆ బిల్లుల కాగితాలు ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

తెనాలిలో ట్యాంకు కడిగిన తమ్ముడికి థ్యాంక్స్. పాత పెట్రోలు జిగురై అడుగున అట్టకట్టింది. గొలుసు ముక్కలు లోపల వేసి ఊపి ఊపి తుప్పంతా రాలగొట్టాడు. స్పేర్ పార్ట్స్ షాపాయనకి కూడా. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, పాతరకం రబ్బరుకి అది పడదని, నేను అడిగిన చవక హోసు పైపు ఇవ్వకుండా మంచిది అంటగట్టాడు. ఆ సంగతి మేస్త్రి గారు విని, "బుద్ధిమంతుడు" అన్నారు. ఆయన నోట అంతకుమించిన పొగడ్త నేను వినలేదు.

ఇక పిన్ని. అన్ని రోజులూ అందరికీ టిఫిన్లు, భోజనాలు ఆవిడే చూసుకుంది. ఎయిర్ క్లీనర్ విప్పితే ఎలుకల గూడు, అందులో ఎప్పుడో పోయిందనుకున్న ఆవిడ ఊలు శాలువా పీలికలు బయటపడ్డాయి. ఆ లెక్క ఇంకా తేలలేదు.

ఆదివారం మొదట కార్బురేటర్లోంచి ఒక్కసారి ఢామ్మంది. తర్వాత స్టార్టయి, నానబెట్టిన ఆయిలంతా తగలబడి షెడ్డు నిండా తెల్లటి పొగ. గేదె పలుపు తెంపుకుంది. పొగ పల్చబడేసరికి ఇంజన్ చప్పుడు కుదురుకుంది.

బండి రోడ్డెక్కడానికి ఇంకా పని ఉంది. బ్రేకుల వీల్ సిలిండర్లు పట్టేశాయి, వాటర్ పంప్ కారుతోంది, ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి. మేస్త్రి గారు దసరా తర్వాత వస్తామన్నారు. ఈలోగా, బాబాయ్ గారు ముందుజాగ్రత్తగా ఫ్యూయల్ పంప్ కిట్టు ఒకటి ఎక్కువ పంపారు. పెట్రోల్ మార్క్ 4 ఉండి, అవసరమున్నవాళ్లు చెప్పండి, పంపిస్తాను. డబ్బులేమీ వద్దు.